నాలుకకు నచ్చితే పాపమా?

నోటికి రుచిగా ఉన్నది ఒంటికి మంచిది కాదు, ఒంటికి మంచిది నోటికి రుచించదు అనే నమ్మకం మన ఇళ్ళలో ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని ఎవరూ నమ్మకంగా గుర్తించరు. అనుభవం నేర్పిన నిజంగానే అది చెలామణీ అవుతుంది. సూపర్‌మార్కెట్‌లో పొద్దుటి టిఫినుకు పెట్టే ధాన్యాల డబ్బాల ముందు నిలబడితే ఈ నమ్మకం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక అరలో చాక్లెట్ పూసిన గోధుమ గుల్లలు, తేనె రంగు కార్న్‌ఫ్లేక్స్, వాటి మీద నవ్వే జంతువుల బొమ్మలు. ఇంకో అరలో తవుడు పొరలు, ఓట్స్, చక్కెర కలపని మ్యూస్లీ, వాటి మీద ఎర్రటి గుండె బొమ్మ. మొదటిది పిల్లలకట, రెండోది షుగరో బీపీయో వచ్చిన పెద్దలకట. సుఖం ఒక అరలో, క్షేమం ఇంకో అరలో సర్ది పెట్టినట్టుంది. ఏ డబ్బా కొనాలన్నది చిన్న ప్రశ్నే. దాని కింద దాగి ఉన్నది మాత్రం మతాలు, తత్వాలు వేల ఏళ్ళుగా నలిగిన ప్రశ్న. మంచికీ సంతోషానికీ పొత్తు కుదురుతుందా, లేక ఒకటి కావాలంటే రెండోది వదులుకోవలసిందేనా? కుదురుతుందనే నా వాదం. అంతే కాదు, కుదరదని పట్టుబట్టిన ఒక మతబోధే ఇవాళ్టి చక్కెర డబ్బాలకు దారి తీసిందని కూడా నేననుకుంటున్నాను.

ఎందుకంటే ఈ డబ్బా పుట్టిందే మతం ఒడిలో. 19వ శతాబ్దపు అమెరికాలో సిల్వెస్టర్ గ్రాహం అనే ప్రెస్బిటేరియన్ బోధకుడు మాంసం, మసాలాలు, మద్యం, తెల్లపిండి మనిషిలో ఉద్రేకాన్ని పెంచి కామాన్ని రెచ్చగొడతాయని ప్రచారం చేశాడు. పొట్టు తీయని గోధుమ రొట్టెకు పుణ్యకార్యమంత గౌరవం తెచ్చాడు. 1863లో మిషిగన్ రాష్ట్రంలోని ఒట్సెగోలో ఎలెన్ వైట్‌కు ఆరోగ్య నియమాల గురించి దైవదర్శనం కలిగిందని సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవారు నమ్ముతారు. ఆ ఉత్సాహంలోనే 1866లో బాటిల్ క్రీక్ పట్టణంలో ఒక ఆరోగ్యాలయం వెలిసింది. పదేళ్ళ తర్వాత దాని పెత్తనం జాన్ హార్వే కెల్లాగ్ అనే యువ వైద్యుడి చేతికి వచ్చింది. అక్కడి భోజనశాలలో మాంసానికి చోటు లేదు, మిరియాలకూ ఆవపిండికీ లేదు, కాఫీ టీలకు అసలే లేదు. ధాన్యాలు, గింజపప్పులు, పండ్లు, పెరుగు ఉండేవి. అప్పటికే న్యూయార్క్ రాష్ట్రంలో జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే వైద్యుడు గ్రాహం పిండిని కాల్చి పొడి చేసి ‘గ్రానులా’ అనే తిండి తయారు చేశాడు. రాత్రంతా పాలలో నానబెడితే గాని పళ్ళకు లొంగేది కాదది. పొద్దుటి ధాన్యం డబ్బాకు అది తొలి పూర్వీకుడు. అది తినడమే ఒక తపస్సులా ఉండేదని వేరే చెప్పనక్కర్లేదు.

1894లో కెల్లాగ్ అన్నదమ్ములు ఉడికించి నిలవ ఉంచిన గోధుమలను రోలర్ల మధ్య నొక్కితే, ఒక్కొక్క గింజ ఒక్కొక్క పొరగా విడివడింది. దాన్ని కాల్చారు. 1896 ఏప్రిల్‌లో పేటెంటు వచ్చింది. నానబెట్టి, వేయించి, దంచి అటుకులు చేసుకునే మనకు ఇందులో మరీ వింతేమీ కనిపించదు. ఇక్కడ ఒక పుకారును పక్కన పెట్టాలి. కార్న్‌ఫ్లేక్స్‌ను హస్తప్రయోగం మాన్పించడానికే కనిపెట్టారని చాలామంది ఆసక్తిగా చెప్పుకుంటారు. రుచికీ కామానికీ ముడి ఉందని కెల్లాగ్ తన పుస్తకాల్లో గట్టిగా రాసిన మాట నిజం. ఈ పొరలను మాత్రం రోగులకు తేలిగ్గా అరిగే తిండి కావాలనే చేశారు. పుకారు అబద్ధమైనా, దాని వెనకున్న సిద్ధాంతం నిజంగా ఉన్నదే. నాలుక చపలమైతే మనిషి మొత్తం చపలమవుతాడని, కాబట్టి తిండి చప్పగా ఉంటేనే మనిషి పవిత్రంగా ఉంటాడని ఆ ఆరోగ్యాలయం నమ్మింది.

తమ్ముడు విల్ కీత్ కెల్లాగ్ దృష్టి వేరు. ఆరోగ్యాలయం నుంచి ఇళ్ళకు తిరిగి వెళ్ళినవాళ్ళు కూడా ఈ పొరలు కావాలంటున్నారు. కాస్త చక్కెర కలిపితే దేశమంతా తింటుందని అతను చూశాడు. అన్న ఒప్పుకోలేదు. 1906లో తమ్ముడు సొంత కంపెనీ పెట్టాడు. పేరు ఎవరిదన్న తగాదా కోర్టులకెక్కి ఏళ్ళ తరబడి సాగింది, చివరికి తమ్ముడే గెలిచాడు. అదే ఆరోగ్యాలయంలో 1891లో రోగిగా చేరిన సి. డబ్ల్యు. పోస్ట్ బయటికి వచ్చి 1897లో గ్రేప్‌నట్స్ మొదలుపెట్టాడు. తర్వాత మొక్కజొన్న పొరలకు ‘ఏలియా మన్నా’ అని పేరు పెట్టి, బైబిల్లో కాకులు తిండి తెచ్చిపెట్టిన ప్రవక్త బొమ్మను డబ్బా మీద వేశాడు. పాదరీలు మండిపడితే 1908లో ఆ పేరు తీసేసి ‘పోస్ట్ టోస్టీస్’ అన్నాడు. ప్రవక్త వెళ్ళిపోయాడు, తీపి మిగిలింది. 1939లో ముందే చక్కెర పూసిన ధాన్యం వచ్చింది. యుద్ధం ముగిశాక 1949లో షుగర్ క్రిస్ప్, 1952లో షుగర్ ఫ్రాస్టెడ్ ఫ్లేక్స్, 1953లో షుగర్ స్మాక్స్ వరుస కట్టాయి. చివరిదానిలో బరువులో సగానికి పైగా చక్కెరే. 1980లలో చక్కెర మీద జనానికి భయం పుట్టాక పేర్లలోంచి ‘షుగర్’ అనే మాట జారిపోయింది. లోపలి సరుకు మాత్రం అంతగా మారలేదు.

ఈ కథను సాధారణంగా ఆదర్శానికీ లాభాపేక్షకూ జరిగిన పోరుగా చెబుతారు. అన్న ఋషి, తమ్ముడు వ్యాపారి. నాకది సరిగ్గా అనిపించదు. అన్నదమ్ములిద్దరూ ఒకే సిద్ధాంతాన్ని నమ్మారు. రుచి ఒకటి, మేలు ఒకటి, వాటికి చుట్టరికం లేదన్నదే ఆ సిద్ధాంతం. అన్న దాన్ని నమ్మి రుచిని బయటికి నెట్టాడు. తమ్ముడు దాన్ని నమ్మే, రుచిని బయటినుంచి చక్కెర రూపంలో తెచ్చి పైన పూశాడు. గింజలోనే రుచి ఉండవచ్చని, దాన్ని వెలికి తీయడమే వంట అని ఇద్దరికీ తోచలేదు. గింజను చప్పబరచిన చోట ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీని మార్కెట్టు తన పద్ధతిలో నింపింది. మతం వదిలేసిన స్థలంలో వ్యాపారం కొట్టు పెట్టడం లోకంలో కొత్త కాదు. ఏ పక్షం ఆరోగ్యకరమో వాళ్ళ ఆయుర్దాయాలను బట్టి తేల్చుదామంటే అదీ కుదరదు. ఇద్దరూ 91 ఏళ్ళే బతికారు.

ఇక్కడ మన సంప్రదాయం తెలిసినవారు వెంటనే అడ్డు చెబుతారు. శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని కఠోపనిషత్తు చెప్పలేదా? యముడు నచికేతుడికి చేసిన మొదటి బోధే అది కదా? రెండూ మనిషి దగ్గరికి వస్తాయని, వివేకి శ్రేయస్సునూ మందబుద్ధి ప్రేయస్సునూ ఎంచుకుంటారని అక్కడ స్పష్టంగా ఉంది కదా? ఉంది. అయితే ఆ మాట ఎక్కడ, ఏ సందర్భంలో వచ్చిందో చూడాలి. మరణం తర్వాత ఏముంటుందని పిల్లవాడు అడిగాడు. ఆ ప్రశ్న మానుకొమ్మని యముడు ఏనుగులు, గుర్రాలు, బంగారం, భూములు, నూరేళ్ళు బతికే కొడుకులు మనవలు, వాద్యాలతో సహా అప్సరసలను ఇస్తానన్నాడు. నచికేతుడు వద్దన్నాడు. అతను కాదన్నది సుఖాన్ని సుఖమైనందుకు కాదు. తన ప్రశ్న నోరు నొక్కడానికి ఇచ్చిన లంచంగా అది వచ్చింది కాబట్టి. అసలు అతనికి ఆ జ్ఞానం మీద ఎంత ఇష్టం ఉండి ఉంటే యముడంతటివాడు వేసిన ఎరను కాదనగలిగాడు? శ్రేయస్సును ఎంచుకున్నవాడికి ప్రియమైనదే లేదనుకోవడం ఆ కథను సగమే చదవడం. శ్రేయస్సే అతనికి ప్రియమైంది. ఈ లెక్కన డబ్బాలోని చక్కెర ప్రేయస్సు కోవలోకి వచ్చేది తీపి అయినందువల్ల కాదు, ‘ఇందులో ఏముంది?’ అనే ప్రశ్నను మన నోట రానివ్వకుండా చేస్తున్నందువల్ల.

ఈ మాట నేను సాగదీసి చెబుతున్నానని అనుమానించేవారు భగవద్గీత పదిహేడో అధ్యాయం తెరిచి చూడవచ్చు. ఆహారాన్ని మూడు గుణాలుగా విడదీసిన శ్లోకాలవి. సాత్వికాహారానికి చెప్పిన లక్షణాల్లో ఆయువు, బలం, ఆరోగ్యం పెంచడం ఉంది. వాటి పక్కనే సుఖాన్నీ ప్రీతినీ పెంచడం, రసవంతంగా ఉండడం, మనసుకు నచ్చడం కూడా ఉన్నాయి. ఆరోగ్యమూ ఇష్టమూ ఒకే వాక్యంలో పొరుగున కూర్చున్నాయి. రాజసమని చెప్పింది రుచినా? కాదు, అతిగా ఉన్న రుచిని. అతి కారం, అతి ఉప్పు, అతి పులుపు. ఇక తామసం జాబితాలోకి వస్తే, రసం పోయిన తిండి అందులో ఉంది. చప్పదనాన్ని పవిత్రత అనుకునేవారికి ఇది ఇబ్బంది పెట్టే శ్లోకమే. ఆ కొలమానం ప్రకారం జాక్సన్ గారి గ్రానులా తామసం వైపు మొగ్గుతుంది, చక్కెర పూసిన గుల్లలు రాజసం వైపు మొగ్గుతాయి. రెంటికీ సాత్వికమని పేరు పెట్టడం కష్టం.

అయితే శాస్త్రవాక్యాలను వంటల పట్టికలా చదవడమూ తప్పే. ఆ తామసం జాబితాలోనే రాత్రి మిగిలి తెల్లవారినది కూడా ఉంది. మరి మన చద్దన్నం సంగతేమిటి? గీత చెప్పిన కృష్ణుడే పోతన భాగవతంలో యమునా తీరాన గోపబాలురతో కలిసి ఊరగాయలు నంజుకుంటూ చల్ది ఆరగించాడు. తెలుగువాళ్ళకు అంతకంటే ఇష్టమైన కృష్ణుడు లేడేమో. ఏ తిండి ఏ గుణమన్నది దాన్ని ఎలా చేశారు, ఎవరితో తిన్నారు, ఎంత తిన్నారు అన్న వాటి మీద కూడా ఆధారపడుతుందని ఆ రెండు చోట్లూ కలిపి చదివితే తెలుస్తుంది. కుచేలుడు కొంగున కట్టి తెచ్చిన అటుకులు కూడా అంతే. పేదింటి పొడి అటుకులవి. కృష్ణుడు వాటిని ఇష్టంగా నోట వేసుకున్నాడే గాని, వ్రతంలా భరించలేదు.

బౌద్ధంలోకి వెళ్తే ఈ ప్రశ్న ఇంకా సూటిగా ఎదురవుతుంది. సిద్ధార్థుడు శరీరాన్ని ఎండబెట్టి, పొట్ట వీపుకు అంటుకునేదాకా తపస్సు చేశాడు. మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తంలో ఆ మలుపు గురించి ఆయన నోటనే వింటాం. చిన్నప్పుడు నేరేడు చెట్టు నీడన కూర్చున్నప్పుడు కలిగిన ప్రశాంతమైన ఆనందం ఆయనకు గుర్తొస్తుంది. చెడుతో సంబంధం లేని ఆ ఆనందానికి నేనెందుకు భయపడాలి అని తనను తాను అడుగుతాడు. భయపడనక్కర్లేదని తేల్చుకుంటాడు. ఆ వెంటనే చేసిన పని ఏమిటి? అన్నం లాంటి గట్టి ఆహారం తీసుకోవడం. జ్ఞానోదయానికి ముందు మెట్టుగా ఒక పూట భోజనం నిలబడింది. ఆ భోజనం వెనక ‘అన్ని సుఖాలూ శత్రువులు కావు’ అనే తాత్విక నిర్ణయం ఉంది. తర్వాతి కాలంలో భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలో, అంధకవిందం అనే చోట ఒక బ్రాహ్మణుడు యవాగూ అనే జావనూ తేనె ముద్దలనూ సమర్పిస్తే బుద్ధుడు రెంటినీ అనుమతించాడు. జావ వల్ల కలిగే పది ప్రయోజనాలను లెక్కపెట్టి చెప్పాడు. ఆయువు, వర్ణం, సుఖం, బలం, చురుకుదనం ఇస్తుంది, ఆకలి దప్పులు తీరుస్తుంది, వాయువును సరి చేస్తుంది, మూత్రాశయాన్ని శుభ్రం చేస్తుంది, అరగనిదాన్ని అరిగిస్తుంది అని. పొద్దుటి ధాన్యాహారానికి ఇంతకంటే పాత ప్రశంస నాకు తెలిసి మత సాహిత్యంలో లేదు. ఆ జాబితాలో సుఖం కూడా ఉందన్నది, జావ పక్కన తేనె ముద్ద ఉందన్నది గమనించదగ్గ సంగతులు. మధ్యేమార్గం అనే మాటకు ఇంత తేలిగ్గా అర్థమయ్యే ఉదాహరణ దొరకడం అరుదు.

అసలు గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. గాంధీజీది అది. ఆశ్రమ వ్రతాల్లో అస్వాదం ఒకటి. 1930లో ఎరవాడ జైలు నుంచి రాసిన, ‘మంగళ ప్రభాతం’గా వచ్చిన ఉత్తరాల్లో, తిండిని మందులా రుచి అరుచులు చూడకుండా అవసరమైనంత మేరకే పుచ్చుకోవాలని ఆయన రాశాడు. రుచి పెంచడానికే ఉప్పు కలిపినా అది వ్రతభంగమే. ఆయనకు పదిహేను వందల ఏళ్ళ ముందు సెయింట్ అగస్టీన్ ‘కన్ఫెషన్స్’ పదో భాగంలో ఇదే ఇరుకులో పడ్డాడు. తిండి మందులాంటిదే, కాని ఆకలి నుంచి తృప్తికి వెళ్ళే దారిలో సుఖం కాపు కాసి ఉంటుంది, నేను తింటున్నది అవసరానికో ఆనందానికో నాకే తెలియకుండా పోతుంది అన్నది ఆయన బాధ. వీరిద్దరి అనుమానాన్ని కొట్టిపారేయలేం. చక్కెర పూసిన ధాన్యం గిన్నె ఖాళీ అయ్యాక చెయ్యి తనంతట తాను మళ్ళీ డబ్బా వైపు వెళ్ళడం చూస్తే అగస్టీన్ చెప్పింది అక్షరాలా నిజమనిపిస్తుంది. సుఖం మనిషి చేతిలోని నిర్ణయాన్ని నెమ్మదిగా లాగేసుకోగలదు.

కాని ఆ రోగానికి రుచిని చంపడమే మందా? గాంధీజీ ఆత్మకథలోనే దీనికి మరో జవాబు దొరుకుతుంది. లండన్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు మసాలాలు మానేశాక, మసాలా లేకుండా ఉడికించిన పాలకూర తనకు రుచిగా తోచిందని, రుచికి అసలు స్థానం నాలుక కాదు మనసు అని ఆయన రాసుకున్నాడు. ఆ పేజీలో గాంధీజీ రుచిని చంపినవాడుగా కనిపించడు, మార్చుకున్నవాడుగా కనిపిస్తాడు. ఆ అనుభవంలోంచి పుట్టగల సిద్ధాంతం ‘రుచి చూడకు’ కాదు, ‘మంచిదానిలో రుచి చూడడం నేర్చుకో’. తర్వాత ఆయన బ్రహ్మచర్యానికీ అస్వాదానికీ ముడి పెట్టి మొదటి దారిలోకి వెళ్ళాడు. గ్రాహం, కెల్లాగ్‌లు వెళ్ళిన దారే అది. వ్రతం పట్టినవారికి అది చెల్లవచ్చు. జైనులు చైత్రంలో, ఆశ్వయుజంలో తొమ్మిది రోజులు చేసే ఆయంబిల్‌లో నెయ్యి, పాలు, పెరుగు, నూనె, బెల్లం ఏదీ ముట్టరు. దానికి ఒక గడువుంది, ఒక ఉద్దేశముంది, తానై ఎంచుకున్న మనిషి ఉన్నాడు. అటువంటి నిష్ఠ ముందు తల వంచవలసిందే. అదే నియమాన్ని ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా ఆరేళ్ళ పిల్లలకు, గడువు లేకుండా రుద్దితే బాటిల్ క్రీక్ కథే మళ్ళీ నడుస్తుంది. రుచి లేని గిన్నెను పక్కకు తోసిన పిల్లవాడు బొమ్మ ఉన్న డబ్బానే అడుగుతాడు.

రుచి నేర్చుకునేదే అన్నది వేదాంతుల ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని మోనెల్ పరిశోధన సంస్థకు చెందిన జూలీ మెనెల్లా బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం చివరి నెలల్లోనో పాలిచ్చే తొలి నెలల్లోనో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, క్యారెట్ రసం కలిపిన ధాన్యం జావను మిగతా పిల్లలకంటే తక్కువ చిరాకుతో తిన్నారని తేలింది. తీపి మీద ఇష్టం పుట్టుకతో వస్తుంది, నిజమే. కాని తక్కిన రుచుల పాఠాలు కడుపులోనే మొదలవుతాయి. పెద్దవాళ్ళలో కూడా కొన్ని వారాలు, నెలలు ఉప్పు తగ్గించి తింటే తక్కువ ఉప్పే హాయిగా అనిపిస్తుందని 1980ల నాటి ప్రయోగాలే చూపించాయి. మన వేమన వేపాకును ఉదాహరణగా తీసుకొని అభ్యాసం గురించి చెప్పింది గుర్తున్నవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఇంకా నేరుగా పనికొచ్చే సాక్ష్యం యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వెలువరించినది. వేసవి శిబిరంలో ఉన్న 91 మంది పిల్లల్లో కొందరికి చక్కెర ఎక్కువున్న ధాన్యాలు, కొందరికి తక్కువున్నవి ఇచ్చి, పాలు, పండ్లు, విడిగా చక్కెర పొట్లాలు అందరి ముందూ పెట్టారు. తమ టిఫిను బాగుందని రెండు గుంపులవాళ్ళూ చెప్పారు. తక్కువ చక్కెర గుంపు పిల్లలు పైన చక్కెర చల్లుకున్నా, మొత్తం మీద వాళ్ళు తిన్న చక్కెర రెండో గుంపు తిన్నదాంట్లో దాదాపు సగమే. పైగా పండ్లు ఎక్కువ వేసుకున్నారు. నా దృష్టిలో ఈ చిన్న ప్రయోగం పెద్ద తాత్విక వివాదాన్ని తేలుస్తుంది. తీపిని నిషేధించలేదు, పిల్లల చేతికే ఇచ్చారు. తీపి ముందే డబ్బాలో కలిసి వస్తే ఎంత తినాలన్నది కంపెనీ నిర్ణయం. పొట్లం చేతిలో ఉంటే అది తినేవారి నిర్ణయం. అగస్టీన్ భయపడిన పోగొట్టుకోవడం సుఖం వల్ల కాదు, ఎంపిక చేజారడం వల్ల జరుగుతుంది.

కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. 2022లో బ్రిటన్‌లో కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న సరుకులను దుకాణాల్లో ముందు వరసలో పెట్టకూడదన్న నిబంధన వస్తుంటే, తమ ధాన్యాలను విడిగా కాక పాలతో కలిపి లెక్కగట్టాలని కెల్లాగ్ కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. అందరూ పాలు పోసుకునే తింటారు కదా అన్నది వాదం. ఆ జూలైలో కోర్టు కాదంది. పాలు పోసినంత మాత్రాన ధాన్యంలోని చక్కెర మాయం కాదు కదా. ఒక వస్తువు మంచిచెడ్డలను దాని పక్కనున్న మంచివాడిని చూపించి తేల్చమనడం న్యాయశాస్త్రానికీ కుదరలేదు, తత్వశాస్త్రానికీ కుదరదు.

మిగిలింది పేదరికం ప్రశ్న. రుచి నేర్చుకోవడం, డబ్బా వెనక అంకెలు చదవడం తీరిక ఉన్నవాళ్ళ ముచ్చట కాదా, ఆకలితో ఉన్నవాడికి శ్రేయస్సేమిటి ప్రేయస్సేమిటి అని అడిగేవారి మాటలో బలం ఉంది. మన నేల మీద దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం ఎన్నో ఇళ్ళలో ఆకలి తీర్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అదే సమయంలో జొన్న, సజ్జ, కొర్ర, రాగి పంటలు పళ్ళెంలోంచి జారిపోయాయని జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలతో పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పదే పదే చెప్పింది. తెల్లన్నం గౌరవమైంది, జొన్నరొట్టె, అంబలి లేమికి గుర్తయ్యాయి. ఇక్కడ రుచిని మార్చింది నాలుక కాదు, పరువు. తెలంగాణలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్ళు అని పిలిచే రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలలో ఉన్నదానికి దాదాపు మూడింతలు. నానబెట్టి మొలకెత్తించి పిండి చేస్తే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. పేదవాడి అంబలి ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి సూపర్‌మార్కెట్‌లో రంగుల ప్యాకెట్టయింది, ధర కూడా అలాగే పెరిగింది. ఆ అన్యాయాన్ని వ్యాసాలు సరిచేయలేవు. చౌక దుకాణాలూ అంగన్‌వాడీలూ సరిచేయాలి. కాని మంచి తిండి పేదలకు రుచించదన్న మాట మాత్రం నిజం కాదు. తరతరాలుగా రుచించిన తిండినే వాళ్ళ దగ్గర్నుంచి దూరం చేశాం.

ఇంత చెప్పాక డబ్బాల అర దగ్గరికి తిరిగి రాకపోతే మోసం చేసినట్టే. కెల్లాగ్ కార్న్‌ఫ్లేక్స్‌కు మన దేశంలో ముప్ఫై ఏళ్ళకు పైగా చరిత్ర ఉంది. కెల్లాగ్ కంపెనీ 1994లో వచ్చింది, తర్వాత తిరుపతి జిల్లా శ్రీసిటీలో కర్మాగారం కూడా పెట్టింది. వేడి పాలు పోస్తే మెత్తబడిపోయే ఆ పొరలతో మనవాళ్ళు తొలినాళ్ళలో సర్దుకోలేకపోయారు. పోషకాల లెక్కలో సాదా కార్న్‌ఫ్లేక్స్‌లో చక్కెర మరీ ఎక్కువ కాకపోయినా, పీచు తక్కువ. రక్తంలో చక్కెర పెంచే వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ సూచీలో అవి 80 దరిదాపుల్లో ఉంటాయి, ఓట్స్ జావ 55 దగ్గర. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ రోజుకు 3 గ్రాములు అందితే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చన్న మాటను అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే డబ్బా మీద రాసుకోనిచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు చక్కెర 25 గ్రాములు దాటవద్దంది. చక్కెర పూసిన ధాన్యం ఒక పెద్ద గిన్నెడు తింటే అందులో సగం పొద్దున్నే అయిపోతుంది.

కనుక కొనే ముందు డబ్బా తిప్పి, వడ్డన లెక్క కాకుండా 100 గ్రాముల లెక్క చదవండి. చక్కెర 5 గ్రాములు మించకపోతే బ్రిటన్ పద్ధతిలో ఆకుపచ్చ గుర్తు, 22.5 గ్రాములు దాటితే ఎరుపు. ఎరుపున్నదాన్ని తిరిగి అరలో పెట్టేయండి, బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా సరే. ఓట్స్, రాగి, జొన్న, పొట్టు తీయని గోధుమ, అటుకుల్లో ఏది మీ ఇంట్లో ఇష్టంగా దిగుతుందో అది ఎంచుకోండి. బాగా వేయించి, చిటికెడు ఉప్పుతో ఉడికించి, పైన అరటిపండో ఖర్జూరమో వేయించిన పల్లీలో మీ చేత్తోనే వేయండి. పిల్లలకు తీపి పొట్లం వాళ్ళ చేతికే ఇవ్వండి. మొదటి వారం మూతి ముడిచినా తొందరపడి చప్పటి గిన్నెను పుణ్యమని బోధించకండి, చక్కెర గుల్లలకు లొంగనూ లొంగకండి.